వెలిపడ్డ కప్పలు

తెల్లారి ఆరు గంటలకల్లా లస్మయ్య నడుముకు మోకు వేసుకుని నాలుగో ఈతచెట్టు మీద ఉంటాడు. బుచ్చవ్వ కింద కల్లు లొట్లు కడుగుతూ అతని మీద కేకలేస్తూ ఉంటుంది. పెళ్లయిన ముప్పై ఐదేళ్లుగా ఇదే వరస.

"మెల్లగ దిగు. గా మోకాళ్లు విరిగితే మోసేది నేనే."

"దిగుతున్ననే. మీదున్నోన్ని గెలుకకు."

దించిన కల్లులో మొదటి చిప్పెడు చీమల పుట్ట దగ్గర పోస్తుంది. అడుగున మిగిలిన మడ్డిని చెట్టు మొదట్లో కుమ్మరిస్తుంది. ఆ తర్వాతే మనుషులకు. లొట్టి చుట్టూ తేనెటీగలు మూగితే చీర చెంగు కూడా విసరదు. "తాగనియ్యిండ్రి, గవ్విటికి మాత్రం దూప గాదా" అని తాగేవాళ్లనే పక్కకు జరుపుతుంది.

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో ఆ ఊరి పేరు ఈదులపేట. పేరుకే గానీ, ఈదులు మిగిలింది ఒక్క వాగొడ్డునే. ఒకప్పుడు ఏ గట్టు చూసినా ఈతచెట్లే ఉండేవట. వరికి అడ్డమని కొన్ని, పసుపుకు నీడ పడుతుందని కొన్ని, ఎందుకో తెలియకుండానే కొన్ని నరికేశారు. గట్ల మీద గడ్డిమందు కొట్టి గుండు గీసినట్టు నున్నగా చేసుకున్నారు. లస్మయ్యకు తాత నుంచి వచ్చిన ఎకరంన్నర చెల్క వాగు పక్కన ఉంది కాబట్టి, అందులో ఇంటి తిండికి పెట్టుకున్న వరి మడి చుట్టూ అరవై చెట్లు బతికిపోయాయి. వాటి మట్టలకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుంటాయి. ముసలి చెట్టు తొర్రలో గుడ్లగూబల జంట కాపురం ఉంటుంది. కింద పొదల్లో ముంగిసలు, ఉడుములు, చెమ్మ మన్నులో కప్పలు. ఆ చెట్ల వేళ్లు ఒడ్డును పట్టుకుని ఉండబట్టే ఏటా వానాకాలంలో వాగు తన దారిన తాను పోతున్నది. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ ఊళ్లో కమిటీ మాట అంటే అదే ఆఖరు. నాట్లు ఏ రోజు మొదలుపెట్టాలో, కల్లు ఎవరు అమ్మాలో, ఎవరింటికి ఎవరు పోకూడదో అన్నీ కమిటీయే చెబుతుంది. మనుషులే కాదు, గొడ్డూ గోదా, పిట్టా పురుగూ కూడా కమిటీ మాట వింటాయి. ముందటేడు బడి మైదానంలో మేకలు మేయొద్దని చాటింపు వేస్తే, మేకలు గేటు దాకా పోయి, లోపలి గడ్డిని కాసేపు చూసి, వెనక్కి తిరిగాయి. మిడతలు కూడా ఆ మైదానంలోకి దూకలేదు. ఎందుకు వింటాయని ఎవరూ అడగలేదు. ఊళ్లో ఉన్నాక ఊరి మాట వినాలి గదా.

కమిటీ పెద్ద సంజీవ్‌కు నలభై ఐదేళ్లు, పదెకరాల వరి. చెడ్డవాడని అనలేం. ఊరికి ఏదో చేయాలని మనసులో ఉన్నవాడే, కాకపోతే చేసేది సిమెంటుతోనే చేయాలనుకుంటాడు. ఈసారి అతనికి వాగొడ్డున పెద్ద కల్లం కట్టాలని పడింది. రైతులు వడ్లు, పసుపు రోడ్ల మీద ఆరబోసుకోలేక చస్తున్నారు. వాగొడ్డయితే చదును, గాలి బాగా వీస్తుంది. అడ్డమల్లా ఆ అరవై చెట్లే. మే నెలాఖర్లో ఒక పొద్దున తెల్ల చొక్కా వేసుకుని వచ్చి లొట్ల దగ్గర నిలబడ్డాడు.

"బుచ్చవ్వా, ఊరికి మేలైతది. చెట్లు ఇడిసిపెట్టున్రి. వేరే దిక్కు జాగ ఇప్పిస్త."

"చెట్లు సుత వేరే దిక్కుకు నడిసత్తయా పటేలా?"

"పరాచికం గాదు. గా పొదలల్ల పాములు, ఎలుకలు తప్ప ఏమున్నయి?"

"ఎలుకలను తినేటియి సుత గాడనే ఉన్నయి. పైడికంటి జంటకు తొర్ర లేకుంటే మీ వరిల ఎలుకలను ఎవలు వడుతరు?"

"ఎలుకలకు మందున్నది."

"మందుకు పిల్లలు పుట్టయి పటేలా. ఎలుకలకు పుడుతయి."

చుట్టూ కూర్చున్న నలుగురు నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. సంజీవ్ ముఖం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి వారం కమిటీ కూర్చుంది. లస్మయ్య, బుచ్చవ్వ వచ్చి తప్పైందని చెప్పి, ఏడుగురు పెద్దమనుషుల కాళ్లు మొక్కాలి, చెట్లు ఇస్తామని కాగితం మీద వేలిముద్ర వేయాలి. రాకపోతే వెలి. దసరా అయ్యాక, వరి కోతల ముందర, మెషిన్ తెచ్చి చెట్లు ఎలాగూ పీకిస్తారు. వెలిపడ్డవాళ్లు అడ్డం చెప్పడానికి ఉండదు.

బుచ్చవ్వ పోలేదు. లస్మయ్య తువ్వాల భుజాన వేసుకుని బయల్దేరబోతే గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

మరునాడు డప్పు ముత్యం వచ్చాడు. ఊరి చాటింపులన్నీ అతనివే. వాళ్లింటి ముందు నిలబడి, తల ఎత్తకుండా డప్పు కొట్టాడు.

"లస్మయ్యను, బుచ్చవ్వను ఊరు ఎలేసింది! ఆళ్ల చెల్క తొక్కినోళ్లు, ఆళ్ల నీళ్లు ముట్టినోళ్లు ఎవలైన సరే, ఆళ్లు సుత ఊరి బయటనే! ఆళ్ల పొలాలు సుత ఊరి బయటనే!"

చెప్పడం అయ్యాక గొంతు తగ్గించాడు. "అక్కా, మనసుల వెట్టుకోకు. నా పని గిది."

"నీ పని నువ్వు చేసినవు తమ్మీ. ఇగ పో, నాతోటి మాట్లాడితే నువ్వు సుత పడుతవు."

ఆ పొద్దటి నుంచి ఎవరూ కల్లుకు రాలేదు. కిరాణా దుకాణంలో ఉప్పు ప్యాకెట్ అడిగితే దుకాణదారు టీవీ సౌండు పెంచాడు. ఊరి ఆటోలు ఎక్కించుకోలేదు. బుచ్చవ్వ రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి, కోరుట్ల పోయి ఉప్పు కొనుక్కొచ్చింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఉప్పు సంచి ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. కోపంతో కాదు, నిజంగానే భయం వేసింది. ఎదురుపడితే పలకరించడానికి ఒక్క ముఖం లేని ఊళ్లో మనిషి ఎన్నాళ్లుంటుంది?

ఇక్కడే కమిటీ ఒక సంగతి చూసుకోలేదు. చాటింపు వేసిన పూట గిజిగాళ్లు ఆమె తొట్టిలో నీళ్లు తాగుతున్నాయి. తేనెటీగలు లొట్టి మీదే ఉన్నాయి. అంటే అవీ వెలిపడ్డట్టే. ఎండలు మండుతున్నాయి, ఊరి గట్ల మీద ఎక్కడా నీడ లేదు. మిగిలిన కప్పలు చెమ్మ వెతుక్కుంటూ ఆమె చెల్కలోకి వచ్చాయి, తిరిగి పోలేకపోయాయి. కప్పల కోసం కొంగలొచ్చాయి. తేనెటీగల వెనక పసిరిక పిట్టలొచ్చాయి. తొలివాన పడ్డ రోజు ఊరి పొలాల్లోని ఎర్రలు, మందు వాసన లేని మన్ను ఎక్కడుందో పట్టుకుని, తడి దారిలో మెల్లగా పాక్కుంటూ గట్టు దాటాయి. సాలెపురుగులు దారం పట్టుకుని గాలిలో తేలి వచ్చాయి. ఎవరి అవసరం వాళ్లది. కానీ ఒకసారి గట్టు దాటాక మాత్రం ఏదీ కట్టు తప్పలేదు. సంజీవ్ పొలం గట్టు దాకా గెంతుకుంటూ పోయిన కప్ప అక్కడ ఠక్కున ఆగి, వెనక్కి తిరిగేది.

"చూసినవా, గవ్విటిని సుత ఎలేసిన్రు" అంది బుచ్చవ్వ.

లస్మయ్యకు కప్పల మీద ధ్యాస లేదు. "నేను పోయి మొక్కొస్తనే. ఒక్కసారి వంగితే ఏం పోతది?"

"చెట్టెక్కుతందుకు వంగు, నాటేస్తందుకు వంగు, నేనేమన్న అంటనా? ఆళ్ల ముందట వంగినవనుకో, మెషిన్ వచ్చిననాడు ముందట వడి చెట్లు చూపిచ్చేది సుత నువ్వే. నీ తాత ఎక్కిన చెట్టును నీ ఏలుతోటి చూపిస్తవా?"

లస్మయ్య మోకు తీసుకుని చెట్టెక్కాడు. కల్లు కొనేవాళ్లు లేకపోయినా గీత ఆపితే చెట్టు పాడవుతుంది.

శ్రావణం వచ్చింది. ఊరంతా నాట్లు పడ్డాయి. మొదట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. రాత్రిళ్లు కప్పల అరుపులు లేవు, హాయిగా నిద్ర పడుతోందని కొందరు సంతోషపడ్డారు కూడా. తర్వాత పసుపు చేలల్లో నీళ్లు నిలవడం మొదలైంది. ఎర్రలు లేని మన్ను గట్టిపడి వాన తాగడం మానేసింది. దుంప కుళ్లి, ఆకులు పండుబారాయి. మక్క కంకుల మీదికి వచ్చే రామచిలకలు కూడా రాకపోతే మొదట మురిశారు గానీ, కంకుల నిండా పురుగు. గుడ్లగూబలు గట్టు దాటవు కాబట్టి ఎలుకలకు పెళ్లిళ్లు, పురుళ్లు జోరుగా సాగాయి. వరి మొదళ్లలో సుడిదోమ పట్టింది. మందు కొట్టారు. వారం ఆగి మళ్లీ కొట్టారు. దోమ ఇంకా పెరిగింది. జగిత్యాల నుంచి వచ్చిన వ్యవసాయం సారు ప్యాంటు మడిచి మడిలో దిగి, మొదళ్లు విరిచి చూసి ఆశ్చర్యపోయాడు.

"ఒక్క సాలెపురుగు లేదు, ఒక్క తూనీగ లేదు. దోమను తినేవే లేకపోతే మీరు ఎన్ని మందులు కొడతరు? అవన్నీ ఎక్కడికి పోయినయి?"

"ఎలిల ఉన్నయి సార్" అన్నాడు ముత్యం.

సారు తల ఊపి నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

కమిటీ మళ్లీ కూర్చుంది. ఈసారి చాలాసేపు కూర్చుంది. మరునాడు ముత్యం గట్టు మీద నిలబడి డప్పు కొట్టాడు.

"కప్పలకు, కొంగలకు, పిట్టలకు, తేనెటీగలకు, ఎర్రలకు, సాలెపురుగులకు ఎలి తీసేసినం! అన్నీ ఊళ్లెకు రావాలె! లస్మయ్యకు, బుచ్చవ్వకు మాత్రం ఎలి ఉన్నట్టే!"

చప్పుడు విని కప్పలు గట్టు దాకా వచ్చి వరసగా కూర్చున్నాయి. కొంగలు వాటిని తినడం ఆపి మరీ విన్నాయి. చాటింపు అయిపోయింది. ఏదీ కదల్లేదు. ఒక్క గొంగళిపురుగు మాత్రం ఆశపడి అవతలికి పాకింది. గడ్డిమందు కొట్టిన మన్ను మీద రెండు బారలు పోయింది. తినడానికి ఒక్క ఆకు కనిపించక, వచ్చిన దారినే తిరిగొచ్చింది.

దూరంగా నిలబడ్డ సంజీవ్‌కు వినిపించేలా బుచ్చవ్వ గట్టిగా అంది. "మన్ను లేకుంటే ఎర్ర రాదు, గడ్డి లేకుంటే కప్ప రాదు, కప్ప లేకుంటే కొంగ రాదు. ఒక్కొక్కదాన్ని ఇడదీసి పిలిస్తే ఎట్లొస్తయి పటేలా? గవ్విట్ల నేను సుత ఒకదాన్ని."

సంజీవ్ విననట్టే వెళ్లిపోయాడు. మెషిన్ వాడికి ఫోన్ చేసి తారీఖు ఖాయం చేసుకున్నాడని ఆ సాయంత్రమే తెలిసింది.

ఆమె చెల్కకు ఇంకో పక్క గట్టు అవతల ప్రవీణ కౌలు పొలం ఉంది. ప్రవీణ పుట్టిల్లు ఎల్లారెడ్డిపేట, నీటి బొట్టుకు ముఖం వాచిన మెట్ట నేల. భర్త మస్కట్‌లో ఉన్నాడు. ఆమె ఒక్కతే రెండెకరాలు కౌలుకు చేస్తోంది. గడ్డిమందుకు డబ్బుల్లేక ఆమె గట్టు మీద గడ్డి అలాగే పెరిగింది. భాద్రపదంలో ఒక మిట్టమధ్యాహ్నం ఆమె గట్టు మీదికి వచ్చి నిలబడింది. ఆమె మడిలో బండి చక్రాలంత గుండ్రటి మచ్చలు, మంట పెట్టినట్టు ఎండిపోయి కనిపిస్తున్నాయి.

"అత్తా" అని పిలిచింది.

మూడు నెలల తర్వాత ఊళ్లోంచి వినిపించిన మొదటి పిలుపు అది. బుచ్చవ్వ కడుగుతున్న లొట్టిని కింద పెట్టింది.

"నాతోటి మాట్లాడకు బిడ్డా. పడుతవు."

"నా పొలం సూడు అత్తా. ఇంకో పది రోజులైతే గడ్డి సుత మిగలది. నీ మడిల ఒక్క మచ్చ లేదు."

"నేనేం చెయ్యలే. గవ్వే చేసుకుంటున్నయి."

ప్రవీణ కప్పల వైపు చూసింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిపింది. "నీ చెల్క తొక్కినోళ్ల పొలం సుత ఊరి బయటనే అన్నరు గదా?"

"అన్నరు."

"గట్లయితే నిన్నిడిసి ఊళ్లెకు రాని గియ్యి, నా పొలంలకు రావచ్చు గదా?"

బుచ్చవ్వ కూడా కప్పల వైపు చూసింది. ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. కానీ బస్సులో తన ఏడుపు గుర్తొచ్చింది. "వద్దు బిడ్డా. నీకు దుకాణం బందైతది. నాటుకు, కోతకు ఒక్క కూలి రాదు. మాట్లాడే మనిషి ఉండది. ఒక్కదానివి."

"కమిటీ నాకు అన్నం వెడుతదా?" అంది ప్రవీణ. చెప్పులు గట్టు మీద విప్పి, కుడికాలు ఇవతల పెట్టింది. తర్వాత ఎడమకాలు. నేరుగా కుండ దగ్గరికి నడిచి, చెంబెడు నీళ్లు ముంచుకుని, ఊరంతా చూడాలన్నట్టు తల వెనక్కి వాల్చి తాగింది.

బుచ్చవ్వ ఆమెను గట్టిగా కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు, తర్వాత ఎందుకో నవ్వు కూడా వచ్చింది. ఆ పూటే ముత్యం వచ్చి ప్రవీణను వెలివేసినట్టు చాటాడు. డప్పు ఎప్పటికంటే జోరుగా కొట్టాడు.

తెల్లారేసరికి ప్రవీణ మడి నిండా కప్పలు. వరి కొసల మధ్య సాలెగూళ్లు మంచు బొట్లతో మెరుస్తున్నాయి. తూనీగలు దిగాయి. గుడ్లగూబ ఆమె పాతిన కర్ర మీద కూర్చుని కడుపు నిండిన కళ్లతో చూసింది. ఎండిపోయిన మచ్చలు పచ్చబడలేదు గానీ, కొత్త మచ్చ పడలేదు.

అది చూసిన నాలుగో రోజున ప్రవీణ పక్క పొలం వాళ్లు ఇంటిల్లిపాదీ గట్టు దాటారు. తర్వాత వాళ్ల పక్కవాళ్లు. ముత్యానికి రోజుకు రెండుసార్లు చాటింపు పడింది. చివరికి విసిగిపోయి, ఆఖరిసారి తనను తానే వెలివేసుకున్నట్టు చాటి, డప్పు చంకన పెట్టుకుని వచ్చి కల్లు అడిగాడు. ఊళ్లో కొనేవాళ్లు లేక కిరాణా దుకాణదారు సామాను మొత్తం ట్రాలీలో వేసుకుని వాగొడ్డుకు చేరాడు. బుచ్చవ్వ అతన్ని ఉప్పు ప్యాకెట్ అడిగి, అతను ఇవ్వబోతే "టీవీ తేలేదా?" అని ఆరా తీసింది. అతను తల గోక్కున్నాడు. ఆ ఏడు బతుకమ్మ కూడా అక్కడే ఆడారు. గునుగు, తంగేడు దొరికేది ఆ గట్ల మీదే మరి. సంజీవ్ భార్య కూడా బతుకమ్మ ఎత్తుకుని వచ్చి, ఆడి, ఇంటికి తిరిగి పోలేక ప్రవీణ దగ్గరే ఉండిపోయింది. కమిటీలో ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు ఏదో పని ఉన్నట్టు గట్టు దాటారు.

చివరికి ఊళ్లో మిగిలింది సంజీవ్ ఒక్కడే, చుట్టూ అతని పదెకరాలు. దసరా అయిన ఐదో రోజు పొద్దున మెషిన్ వచ్చింది. పసుపుపచ్చ చెయ్యి పైకెత్తుకుని, బాటంతా దద్దరిల్లేలా వచ్చి గట్టు ముందు ఆగింది. ముందు సంజీవ్ నడిచి వచ్చాడు. గడ్డం పెరిగింది, తెల్ల చొక్కా మాసింది. వాగొడ్డున ఊరు ఊరంతా లేచి నిలబడింది. లస్మయ్య మాత్రం చెట్టు మీద ఉన్నాడు, కావాలనే దిగలేదు.

బుచ్చవ్వ గట్టు దగ్గరికి పోయి నిలబడింది.

డ్రైవరు వేరే ఊరివాడు. కిందికి దిగి కాగితం తీశాడు. "కమిటీ పెద్ద మీరేనా? ఏ చెట్టు కాడ మొదలు వెట్టాలె? జర ముందట నడిసి చూపియ్యిండ్రి."

సంజీవ్ గట్టు దాకా వచ్చి ఆగిపోయాడు. చెట్లన్నీ అవతల ఉన్నాయి.

"రా పటేలా" అంది బుచ్చవ్వ. "వచ్చి చూపియ్యి. నా చెల్క తొక్కందే చెట్టు దొరకది."

"నువ్వు ఒక్క మాట తప్పైందని అంటే..." అన్నాడతను.

"అనను. నువ్వు సుత అనకు. కాళ్లు మొక్కుడు గిక్కుడు ఏమద్దు. అడుగు వెట్టు, చాలు."

సంజీవ్ వెనక్కి చూశాడు. పదెకరాల్లో సగం ఎర్రగా కాలిపోయినట్టుంది. మిగిలిన సగం ఇంకా పచ్చగానే ఉంది, ఎన్నాళ్లుంటుందో తెలియదు. ముందుకు చూశాడు. తన భార్య, తన ఆరుగురు పెద్దమనుషులు, ముత్యం, ప్రవీణ. గట్టు పొడవునా కప్పలు బారులు తీరి కూర్చున్నాయి. తర్వాత చెప్పులు విప్పి, గట్టు దాటి కాలు పెట్టాడు. మెత్తటి మన్నులో పాదం చీలమండ దాకా దిగింది.

"ఇగ చెప్పుండ్రి సార్, ఏ చెట్టు?" అని అడిగాడు డ్రైవరు.

"నేను చెప్పరాదు తమ్మీ. నేను ఎలివడ్డ."

"మరి ఈ సంతకం మీది గాదా?"

"నాదే. అప్పుడు ఊళ్లె ఉంటి. ఇప్పుడు లేను."

"ఊరోళ్లు ఇంకెవలన్న ఉంటే పిలువుండ్రి మరి."

"ఊళ్లె ఎవ్వలు లేరు" అన్నాడు సంజీవ్. ఈసారి గొంతు పెంచి, మెషిన్ చప్పుడును మించేలా అన్నాడు. "గా ఊళ్లె ఒక్క పురుగు సుత లేదు. చెట్టు కొట్టుమని చెప్పేటోడు ఇగ పుట్టాలె. మెషిన్ మలుపుకో!"

డ్రైవరు కాగితాన్ని, జనాన్ని, కప్పలను మార్చి మార్చి చూశాడు. ఎక్కి కూర్చుని, ఇరుకు బాటలో ముందుకూ వెనక్కూ పదిసార్లు ఆడించి మెషిన్ మలుపుకున్నాడు.

సంజీవ్ ఎక్కడ నిలబడాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయాడు. "నా పొలం..." అన్నాడు మెల్లగా.

"రేపు పొద్దుగాల చూసుకో. గవ్వి నడిసి పోవాలె గదా" అంది బుచ్చవ్వ. మోదుగాకు డొప్ప కుట్టి అతని చేతిలో పెట్టింది. "నిలవడ్డవేంది? అందరు కూసున్నరు. కూసో."

అతను కుర్చీ కోసం చూడలేదు. ప్రవీణకూ ముత్యానికీ నడుమ మన్ను మీద కూర్చుని, కల్లు కోసం రెండు చేతులతో డొప్ప పట్టాడు.